దారం కట్టిన మామిడికాయలు

సోనికి కోపం ముక్కు మీదుంటుందని ఊళ్ళో అందరూ అంటారు. ఆ కోపం ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆడగుంటకి కోపమొస్తే నవ్వేసి పోవడం మనకి అలవాటు కదా. నేను చెప్తాను, వినండి. విన్నాక మీకూ ఒళ్ళు మండకపోతే అప్పుడు ఆ పిల్లని ఏమైనా అనండి.

అరకు సంతకి రెండు కొండలవతల పనసగుడ అని చిన్న ఊరు. సోని తండ్రి మంగ్లు, తల్లి దొయిమతి అక్కడివాళ్ళే. ఇంటి వెనక కాస్త కాఫీ తోట, చెట్ల మీదికి పాకిన మిరియం తీగ, దిగువన చోడీ, సామలూ వేసుకునే మెట్ట. సోని మూడో తరగతి నుంచీ రోడ్డు పక్కనున్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలోనే ఉంటోంది. తిండీ, పడకా, చదువూ అన్నీ అక్కడే. ఇల్లంటే వేసవి సెలవులు, మధ్యలో అప్పుడో నాలుగు రోజులు ఇప్పుడో నాలుగు రోజులు. ఇప్పుడు పదిహేనేళ్ళు. తొమ్మిది అయిపోయి పదిలోకి వెళ్ళాలి.

ఆ బడిలో పాఠాలు తెలుగులో చెప్తారు. పిల్లలు ఇళ్ళల్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. చెప్పిన పాఠంలో సగం సగం మందికి ఎక్కదు. అలాగని లేచి అడగరు. తెలుగు తప్పు పలికితే నవ్వుతారని భయం. వెనక బెంచీలో ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకుంటే ఆ గుసగుస వచ్చి వచ్చి సోని చెవిలో పడుతుంది. సోని లేచి నిలబడి, “సార్, అది అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి” అంటుంది. క్లాసు మొత్తానికి ఉన్న నోరు అదొక్కటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుకి కావాలి.

పోయినేడు వేసవికి సైన్సు చెప్పే భాస్కర్ మాస్టారు పిల్లలందరికీ ఒక రంగు కాగితం పంచారు. ఇంటి దగ్గర ఎవరి సాయం లేకుండా మీకు మీరే చేసే పనులు అని దాని పైన పెద్ద అక్షరాలు. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకి ఎన్నిసార్లు తీస్తున్నారో చూసి రాయండి. లిఫ్టు పైకి వెళ్ళేటప్పుడు మీ ఒంటికి ఏమనిపించిందో రాయండి. బాల్కనీలో కుండీ పెట్టి మొక్క ఎటు వంగిందో రాయండి. ఎవరు తయారు చేశారో ఆ మహానుభావులు, వాళ్ళని ఒక్కసారి పనసగుడ తీసుకురావాలి. అదీ వానాకాలంలో, గెడ్డ నీళ్ళు దారి మీదికి పొర్లుతున్నప్పుడు.

సెలవులయ్యాక పిల్లలంతా కాగితాలు నింపి తెచ్చారు. ఫ్రిజ్ మొహం చూడని పిల్లలు తలుపు ఇరవైసార్లు తీశామని రాశారు. లిఫ్టులో కళ్ళు తిరిగాయని రాశారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు. సోని మాత్రం, “మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా ఊళ్ళో లిఫ్టు లేదు. బాల్కనీ అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పలేదు” అని మూడు ముక్కలు రాసిచ్చింది. మాస్టారు దాన్ని పైకి చదివి వినిపించారు. అందరూ నవ్వారు. అబద్ధం రాసినవాళ్ళకి మార్కులు, నిజం రాసినదానికి సున్నా. కోపం రాదా మరి, మీరే చెప్పండి.

ఈ ఏడు సెలవులిచ్చే ముందు మళ్ళీ అదే కాగితం. రంగు మారింది, అంతే. సోని లేచింది.

“సార్, ఇది పోయినేటి కాగితమే. మా ఇళ్ళల్లో చెయ్యగలిగే పని ఇవ్వండి.”

భాస్కర్ మాస్టారు చెడ్డమనిషని నేననను. పెళ్ళాం పిల్లలు విజయనగరంలో, ఉద్యోగం కొండ మీద. బడి మొత్తానికి సైన్సు చెప్పేది ఆయనొక్కడే. పైనుంచి వచ్చిన కాగితం పంచడం, నింపించడం, మళ్ళీ పైకి పంపడం, ఆయన బతుకు అలా అయిపోయింది. అయినా ఆయనకీ రోషముంటుంది కదా. పదిమందిలో ఒక గుంట లేచి తప్పు పట్టేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“అన్నీ నీకే తెలుసు కాబట్టి నీ పని నువ్వే ఎంచుకో. మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఏదుంటే దాని మీదే చెయ్యి. కానీ అమ్మ గానీ నాన్న గానీ చెయ్యి వెయ్యకూడదు. ఎవరినీ అడక్కూడదు, ఎవరికీ చెప్పకూడదు. బడి తెరిచేసరికి పూర్తిచేసి తెచ్చావా, పాడేరులో పెట్టే సైన్సు ప్రదర్శనకి మన బడి నుంచి నీ పనే వెళ్తుంది. తేలేదా, పదో తరగతి అయ్యేదాకా నా క్లాసులో నోరు మెదపకూడదు. సరేనా?”

హాస్టల్లో సోని పక్క మంచం పిల్ల దివ్య, వెనక బెంచీ నుంచి వద్దు వద్దని తల ఊపింది.

“సరే సార్” అంది సోని.

తన నోటినే పందెం కాసింది. ఓడితే పోయేది తన నోరొక్కటే కాదు. వెనక బెంచీ గుసగుసలన్నీ గొంతులోనే ఉండిపోతాయి. ఆ సంగతి సోనికీ తెలుసు, దివ్యకీ తెలుసు. మాస్టారికి తెలుసో లేదో నాకు తెలీదు.

ఇంటికొచ్చిన రోజునే పని దొరికింది. దొరకడమేమిటి, పెరట్లోనే కొట్టుకుంటోంది. ఇంటి వెనక మామిడిచెట్టుంది. దాని కొమ్మ ఒకటి కిందికి వంగి మెట్టురాయి దాకా వచ్చింది. దాని కింద కూచుని మొగుడూ పెళ్ళాం ఏటా ఒకటే గొడవ. వాళ్ళ మాట ఒడియాలోనే, నేను మన మాటలో చెప్తున్నాను.

“వాన పడాల. వానకే కాయ ఊరతాది” అన్నాడు మంగ్లు.

“ఎండ తినకపోతే కాయకి ఒళ్ళెక్కడిది? ఎండకే పెరుగుతాది” అంది దొయిమతి.

ఏటా అనుకుంటారు, ఏటా ఎటూ తేలదు. సరే నేను తేలుస్తానని సోని మనసులో అనుకుంది. ప్రతి సంత రోజునా కాయ ఎంతుందో కొలవాలి. ఎండలున్నన్నాళ్ళూ కొలవాలి. మొదటి వాన పడ్డ మర్నాడు కొలవాలి. అప్పుడు అయ్య మాట నిజమో అమ్మ మాట నిజమో తెలుస్తుంది. ఇంత తేలికైన పని ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదేమని దానికి అప్పుడే కాస్త కోపం కూడా వచ్చింది.

కొలవాలంటే కొయ్యాలి కదా. కొయ్యకూడదు. పనసగుడలో మామిడి కొత్త పండగ అయ్యేదాకా ఆ ఏటి కాయని ఎవరూ కొయ్యరు. రాలినదాన్ని కూడా నోట పెట్టరు. ముందు ఊరి దేవుడు శంకుదేముడికి, ఆ తర్వాతే మనిషికి. పండగ కాకముందు కోసిన ఇంటిది తప్పు. ఆ ఏడు పండగలో ఆ ఇంటివాళ్ళని ఊరితో కలిసి కూచోనివ్వరు, విత్తనాల పూజకి వాళ్ళ విత్తనాన్ని మిగతావాటితో కలపరు. మామూలుగా అయితే ఈపాటికి పండగ అయిపోయుండేది. ఈసారి ఊళ్ళో ఒక పెద్దాయన పోయి మైల వచ్చింది. పండగ వెనక్కి జరిగింది.

కొయ్యకుండా కొలిచేదెలా? రెండు రోజులు సోని అన్నం దగ్గర విసుక్కుంది, మేకని తిట్టింది. మూడో రోజు పొద్దున్న దొయిమతి నిండు కుండలో ఆనపకాయ బుర్ర ముంచితే నీళ్ళు పొర్లి పక్కనున్న సోని కాళ్ళ మీద పడ్డాయి. తడిసిన కాళ్ళ వంక చూసుకుంటూ సోని అలాగే నిలబడిపోయింది. పొర్లిన నీళ్ళెంతో మునిగింది అంత. పుస్తకంలో ఆ పాఠం ఉంది, బొమ్మతో సహా. పుస్తకంలో ఉన్నది కుండలో కూడా ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పళ్ళెంలో చెంబు పెట్టి, చెంబు అంచు దాకా నీళ్ళు నింపి, వంగిన కొమ్మ కిందికి పట్టుకెళ్ళి మెల్లగా పైకెత్తింది. కాయ చెట్టుకి ఉండగానే తొడిమ దాకా నీళ్ళలో మునిగింది. పొర్లిన నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. వాటిని దగ్గుమందు సీసా మూతతో కొలిచింది. మూత మీద గీతలున్నాయి కదా, అంతకన్నా ఏం కావాలి. కాయ చెట్టునే ఉంది. దేవుడికీ కోపం లేదు, సోనికీ కోపం లేదు. ఆ వేసవిలో అది నవ్వింది ఆ ఒక్క పూటే అనుకుంటాను.

ఐదు కాయలు ఎంచుకుంది. వచ్చే వారం ఏ కాయ ఏదో తెలియాలి కదా. స్కూలు రిబ్బను అంచు లాగి, ఆ ఎర్ర దారం ఐదు తొడిమలకీ కట్టింది. కొలిచినప్పుడల్లా ఇంటి వెనక మట్టిగోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది, ఒక మూతకి ఒక గీత.

ఎందుకు కట్టావు, ఎందుకు గీశావు అని ఎవరూ అడగలేదు. ఎవరికీ చెప్పకూడదని మాస్టారి షరతు, అందుకని సోని చెప్పలేదు. పండక్కి ఊళ్ళో ఆడవాళ్ళంతా ఇళ్ళకి ఎర్రమట్టి అలికారు. దొయిమతి కూడా అలికింది. ఆ బొగ్గు గీతలున్న చోట చాప వెడల్పున గోడని వదిలేసి చుట్టూ అలికింది. “పెద్ద పండగ ముందు ఆ మచ్చేటి నీ ఇంటికి?” అని పక్కింటావిడ దెప్పితే, “నా గోడ, నా ఇష్టం” అంది. కూతురి కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

ఎండలు మండిపోయాయి. గెడ్డ సన్నబడి రాళ్ళ మధ్యకి పోయింది. అయినా కాయలు పెరిగాయి. గోడ మీద గీతలు ప్రతి సంతకీ పొడుగవుతూనే ఉన్నాయి. అంటే అమ్మ మాటే నిజమా? ఆ మాట తేలాలంటే వాన పడాలి. వాన పడకుండా అయ్య మాట అబద్ధమని ఎలా అంటాం? వాన కోసం సోని ఎదురుచూసినట్టు ఆ కొండల్లో రైతు కూడా ఎదురుచూడలేదు. చివరికి పండగ ముందు రోజు సాయంత్రం ఉరుములతో పడింది. రాత్రంతా పడింది. తెల్లారి లేస్తే కొలవడమే, పని అయిపోతుంది.

తెల్లవారగానే చెంబూ పళ్ళెమూ పట్టుకుని చెట్టు కిందికి వెళ్ళింది. కొమ్మ ఉంది. ఆకుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఐదు తొడిమలు తెగి సొన కారుతోంది. కాయలు లేవు.

ఎవరో దొంగతనం చేశారనుకుంది ముందు. తర్వాత ఊరి చివర నుంచి డప్పు వినిపించింది. చెంబు నింపుకుని, పళ్ళెం చంకన పెట్టుకుని, మూత గుప్పిట్లో బిగించి పరిగెత్తింది.

శంకుదేముడి రాళ్ళ చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ఆ ఊళ్ళో పూజ అయ్యేదాకా ఆడవాళ్ళు రాళ్ళ వరస దాటి లోపలికి రారు. సోని దాటేసింది. లోపల పూజారి సోమన్న కత్తి పట్టుకుని కూచున్నాడు. ఆయన ముందు అడ్డాకు పరిచి ఉంది. దాని మీద ఐదు కాయలు, తొడిమలకి ఎర్ర దారంతో. పక్కనే మంగ్లు కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, పదిమందీ చూస్తుంటే మురిసిపోతూ నిలబడి ఉన్నాడు.

“నా కాయలు ఎవరు కోసినారు?” అంది సోని.

డప్పు ఆగిపోయింది.

“నానే కోసినానమ్మా” అన్నాడు మంగ్లు. “నీ మొక్కు కాయలు పొద్దున్నే తెచ్చి దేవుడి ముందు పెట్టినాను. పది పాసవ్వాలని మొక్కుకున్నావు గదా.”

“ఏటి మొక్కు?”

ఆ మాట నోరు జారింది. ఊరంతా సోని వంక చూసింది, తర్వాత మంగ్లు వంక చూసింది.

ఆ ఊళ్ళో పుట్టిన ఏ పిల్లనడిగినా చెప్తుంది. పండగకి ముందు చెట్టునున్న కాయకి దారం కట్టారంటే అది దేవుడికి మొక్కిన కాయ. పూజ రోజు పొద్దున్న కోసి తేవలసింది ఆ కాయలే. వాటికి తప్పు లేదు. మొక్కు ఏమిటని కట్టినవాళ్ళని అడక్కూడదు, అడిగితే మొక్కు చెడుతుంది. అందుకే నెల్లాళ్ళపాటు మంగ్లు ఆ దారాలు చూస్తూ, కూతురు చదువు కోసం మొక్కుకుందని లోపల పొంగిపోతూ, పల్లెత్తు మాట అనలేదు. సోనికి మాత్రం ఈ సంగతి తెలీదు. ఎలా తెలుస్తుంది? ఏటా ఈ పండగ వచ్చేసరికి అది హాస్టల్లో ఉంటుంది. ఊరు నేర్పేవన్నీ అది బడిలో ఉండగానే జరిగిపోతాయి. చెప్పకూడదని మాస్టారు, అడక్కూడదని ఊరు. ఇద్దరి మధ్యా తండ్రీకూతుళ్ళు నోరు మూసుకుని కూచున్నారు.

“మొక్కు కాకపోతే దారం ఎందుకు కట్టినావే?” అన్నాడు సోమన్న.

“మొక్కు కాకపోతే అవి పూజకి ముందు కోసిన కాయలే గదా” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మంగ్లు భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

అప్పుడు తెలిసింది సోనికి. గుర్తు కోసం కట్టానని నిజం చెప్తే తప్పు తండ్రి మీద పడుతుంది. ఆ ఏడాది వాళ్ళ ఇల్లు ఊరికి దూరం. మొక్కేనని ఊరుకుంటే సోమన్న ఇప్పుడే కాయలు కోసేస్తాడు, నెల్లాళ్ళ పని పోతుంది, దానితో నోరూ పోతుంది. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. మాస్టారి మీద మండింది. అడగని తండ్రి మీద మండింది. దారం ఏమిటో కూడా తెలీని తన మీద అందరికన్నా ఎక్కువ మండింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ అవి ఏడుపు నీళ్ళు కావు. చేతిలో నిండు చెంబు బరువుగా ఉంది. దాన్ని చూసింది.

“మొక్కే తాతా” అంది. “ఏటి మొక్కో అయ్యకి తెలీదు, పాసవ్వాలని అనుకున్నాడు, అందుకే అలాగడిగినాను. ఒక్కో కాయకీ స్నానం చేయించి దేవుడికిస్తానని మొక్కుకున్నాను. నీళ్ళు తెచ్చినాను. స్నానం కాకుండా కొయ్యకూడదు.”

“అలాగయితే చల్లు.”

“చల్లడం కాదు. ముంచాల. పొర్లిన నీళ్ళు కొలవాల.”

“కొలవడమేటే?”

“మొక్కులో ఉంది.”

సోమన్న ముసలాడే గానీ తెలివితక్కువవాడు కాదు. సోని చేతిలో మూత చూశాడు, మంగ్లు చేతిలో నలుగుతున్న తువ్వాలు చూశాడు. “మొక్కు మొక్కే. మొక్కినదానికి రాళ్ళ వరస అడ్డం లేదు” అని కత్తి కింద పెట్టి పక్కకి జరిగాడు.

దేవుడి ముందు కూచుని, పూజ నీళ్ళతో చెంబు మళ్ళీ అంచు దాకా నింపి, సోని మొదటి కాయ ముంచింది. పొర్లిన నీళ్ళు మూతతో కొలిచి మళ్ళీ చెంబులో పోసింది. రెండో కాయకి దొయిమతి రాళ్ళ వరస బయటి నుంచే మెడ చాచి చూసింది. మూడో కాయ వచ్చేసరికి జనం నోటితో మూతలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

“నోరు ముయ్యండి” అంది సోని, తల ఎత్తకుండా. “ఎవరూ సాయం సెయ్యకూడదు.”

దేవుడి దగ్గర ఊరందరినీ నోరు ముయ్యమన్న పిల్లని ఆ కొండల్లో అంతకుముందు ఎవరూ చూసుండరు. అందరూ మూశారు. ఐదో కాయ అయ్యాక సోమన్న కోసి, దేవుడికి పెట్టి, తలా ఒక ముక్కా పంచాడు. సోని ముక్క నమల్లేదు. నోరు మెదిపితే లెక్క మర్చిపోతానని నోట్లో పెట్టుకునే ఇంటికి పరిగెత్తి గోడ మీద గీతలు గీసింది.

ఆ మధ్యాహ్నం మంగ్లు మెట్టురాయి మీద కూచుని అడిగాడు. “నిజంగా మొక్కేనా?”

“కాదు.”

“సెప్పొచ్చు గదే నాకు” అన్నాడు మంగ్లు.

“నువ్వు అడగొచ్చు గదా.”

రెండూ నిజమే. ఆ రోజంతా ఆయన కూతురితో మాట్లాడలేదు. మర్నాడు పై కొమ్మనున్న ఒక కాయకి తనే దారం కట్టి, దిగి వచ్చి, “పండగైపోయినా సరే, అది నిజం మొక్కు. నీళ్ళ చెంబు పట్టుకుని దాని జోలికెళ్ళకు” అన్నాడు.

జూన్‌లో బడి తెరిచారు. గోడ మీది గీతలన్నీ పెద్ద కాగితం మీదికి ఎక్కించుకుని సోని క్లాసులో మాస్టారి ముందు పెట్టింది. వాన లేని వారాల్లో కాయ పెరిగింది. వాన పడ్డ మర్నాడు చూస్తే పాత లెక్కకన్నా ఎక్కువేమీ పెరగలేదు. ఒక్క రాత్రి వానతో కాయ ఊరదు, ఎక్కువ వానలు పడితే ఏమవుతుందో నాకింకా తెలీదు, అని కింద రాసింది.

మాస్టారు మొత్తం చదివారు. చదివారని నేను ఒప్పుకుంటాను. “బాగానే ఉంది” అన్నారు, కాగితాన్ని బల్ల మీది పుస్తకాల్లోకి తోసేస్తూ. “కానీ పాడేరులో చూపించడానికి ఏముంది ఇందులో? గీతలు. పైగా చివర తెలీదని రాశావు. అక్కడికి పెద్దవాళ్ళొస్తారు. ఏదో ఒకటి తిరగాలి, వెలగాలి.” అని బీరువా మీదున్న బొమ్మ దించారు. థర్మాకోల్ కొండ, దాని మీద జలపాతం, కింద ఒక చక్రం, చక్రం తిరిగితే వెలిగే చిన్న బల్బు. ముందు అట్ట మీద రంగు అక్షరాలతో దివ్య పేరు. ఇంటి దగ్గర స్వయంగా చేసినది అని కూడా రాసుంది. దివ్య బట్టీ పట్టిన తెలుగు బాగా పలుకుతుంది, చెప్పింది అప్పజెప్తుంది, అందుకని ఆ పేరు. బొమ్మ అరకులో దుకాణంలో అమ్ముతారు. ఇలాంటివి అక్కడ వరసగా పేర్చి ఉంటాయి, ఇంటి దగ్గర స్వయంగా చేసినవి.

“తెస్తే నీ పనే పంపుతానన్నారు” అంది సోని.

“అన్నాను. ఎవరి సాయం లేకుండా నువ్వే చేశావని నమ్మకమేంటి?”

ఏ మనిషికైనా ఎక్కడో ఒకచోట ఓపిక ఆగిపోతుంది. దేవుడి ముందు నోటికొచ్చిన అబద్ధం ఆడి మరీ కాపాడుకున్న పని అది. సోని మెల్లగా అంది. “పాడేరు మాట మీరు తప్పారు సార్. నేను తప్పలేదు, పని తెచ్చాను. కాబట్టి నోరు నాదే.”

“సర్లే, కూచో.”

“ఒక ప్రశ్నుంది సార్.”

“అడుగు, అడిగి కూచో” అన్నారు మాస్టారు విసుగ్గా.

వెనక బెంచీ నుంచి పొద్దుటినుంచీ ఒక గుసగుస సోని చెవిలో పడుతూనే ఉంది. ఎప్పటిలా అయితే అదే అడిగేసేది. ఈసారి వెనక్కి తిరిగింది.

“దివ్యా, లే. నీ ప్రశ్న నువ్వే అడుగు.”

దివ్య లేచింది. బొమ్మ వంక చూసింది, దాని మీది తన పేరు వంక చూసింది. అప్పజెప్పడం తప్ప అడగడం ఎప్పుడూ చెయ్యని పిల్ల. తెలుగు సగం మింగుతూ అడిగింది.

“సార్, ఆ చక్రం తిరిగితే లైటు ఎందుకు వెలుగుతుంది? పాడేరులో అడిగితే నేనేం చెప్పాలి? నేను చెయ్యలేదు కదా సార్.”

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఇంకో పిల్ల లేచి, “నాకూ తెలీదు సార్” అంది. ఆ వెనక ఇంకొకతె లేచింది. మాస్టారు బొమ్మని చేతుల్లోకి తీసుకుని, సమాధానం అక్కడెక్కడో ఉంటుందేమోనన్నట్టు తిరగేశారు. అడుగున దుకాణం చీటీ అలాగే అంటుకుని ఉంది. గోటితో గీకారు, ఊడలేదు. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడి, తర్వాత బల్ల కింద పెట్టేసి, ఇందాక పక్కకి తోసేసిన సోని కాగితం కోసం పుస్తకాల దొంతరలో వెతకడం మొదలుపెట్టారు.

అది దొరికేదాకా సోని కూచోలేదు.